అడగని మందు

నిడదవోలు స్టేషన్లో దిగి మా ఊరి ఆటో ఎక్కినవాళ్ళకి, ఈ ఊరి మనిషి ఒకడు విదేశంలో ఫుట్‌బాల్ ఆడి జీతం తెచ్చుకునేవాడని చెబితే నమ్మరు. ఆ ఆటో నడుపుతున్నది అతనేనంటే అసలే నమ్మరు. పేరు సత్యప్రసాద్. కాలవ గట్టు మీద గుంట వచ్చినచోట బండిని ఎంత నెమ్మదిగా దింపుతాడంటే, ఒళ్ళో పెట్టుకున్న కోడిగుడ్ల అట్ట కూడా కదలదు. ముసలివాళ్ళు ఎక్కుతుంటే దిగి చెయ్యి అందిస్తాడు. దిగినప్పుడల్లా కుడి మోకాలు పట్టుకుని ఒక్క క్షణం నిలబడతాడు.

మా వైపు పిల్లలు కోత అయిన చేలో క్రికెట్ ఆడతారు. ఫుట్‌బాల్ ఎవరికీ తెలియదు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు ఒక బంతి కొని తెస్తే ఎవరూ ముట్టుకోలేదు. కాలవలో ఈతకి పోతున్న సత్యప్రసాద్‌ని పిలిచి ఆయన ఆ బంతి చేతికిచ్చారు. తండ్రి బంగార్రాజు కౌలు రైతు. కొడుకు గోడకేసి బంతి తన్నుతున్నాడని పక్కింటివాళ్ళు గొడవపడితే, కసరకుండా చేలో గోలు గుర్తుకి రెండు సరుగుడు బాదులు పాతి, "ఇక్కడ తన్నుకో" అన్నాడు. ఆ మరుసటి ఏడే ఆయన పోయాడు. ఊడ్పులకి ముందు బాదులు పీకేస్తామని చేను తీసుకున్న కొత్త రైతు వస్తే, తల్లి దేవకుమారి, "ఆ మూల ఉంటాయి, మీకేం అడ్డం రావు, ఉండనివ్వండి బాబూ" అని బతిమాలుకుంది. కొత్త రైతు మంచివాడు. వాటి చుట్టూ తిప్పి నాట్లు వేయించాడు.

ఆ బాదుల దగ్గర మొదలైన ఆట అతన్ని సికింద్రాబాదు తీసుకెళ్ళింది, అక్కడి నుంచి గోవా, చివరికి ఒమాన్. మస్కట్ దాటి చాలా దూరం పోయాక సముద్రం ఒడ్డున ఒక ఊరి క్లబ్బు అతన్ని పిలిచింది. అప్పటికి ఇరవై ఆరేళ్ళు దాటాయి. పేపర్లో ఫోటో పడే ఆటగాడు కాదు. గోలు కొట్టేవాళ్ళని అడ్డుకునే డిఫెండరు. సెలవుల్లో ఊరొస్తే టీ కొట్టు శ్యాంబాబు వదిలేవాడు కాదు.

"ఈ ఏడు ఎన్ని గోల్సు కొట్టావేంటి ప్రసాదూ?"

"నేను కొట్టేవాణ్ణి కాదండి. ఆపేవాణ్ణి."

"ఆపడానికి అంత దూరం విమానమెక్కి వెళ్ళాలా? మా పెయ్య దూడ రోజూ తాడు తెంపుకుంటోంది. దాన్ని ఆపు, టీ ఊరికే పోస్తాను."

అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. టీ మాత్రం శ్యాంబాబు ఎప్పుడూ ఊరికేనే పోసేవాడు.

ఆ పరాయి ఊళ్ళో కూడా మనవాళ్ళు అతనికి దొరికారు. నరసాపురం వైపు నుంచి వెళ్ళి ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసే చిన్నమ్మాయి అనే ఆవిడ, శుక్రవారం సెలవు దొరికితే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని మ్యాచ్‌కి వచ్చేది. ఆటలో ఓనమాలు తెలియవు. బంతి ఎటు పోయినా, "చూసుకో నాయనా, మోకాళ్ళు జాగ్రత్త" అని గోదావరి యాసలో కేకేసేది. ఆట అయ్యాక చల్ల మిరపకాయలు పొట్లం కట్టి ఇచ్చేది. "అది విన్నాక మన కాలవ గట్టు మీద ఆడుతున్నట్టే ఉంటుందమ్మా" అని అతను తల్లికి ఫోన్లో చెప్పేవాడు.

ఇక చంద్రరావు గారి గురించి చెప్పాలి. ఆయన ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు. అంటే డాక్టరు చదువు చదివినవారు కాదు. కొవ్వూరులో ఒక పెద్ద డాక్టరు దగ్గర కుర్రతనంలో కాంపౌండరుగా చేరి, సూది వెయ్యడం, కట్టు కట్టడం నేర్చుకుని ఊరొచ్చి కూర్చున్నారు. కాగితం లెక్కన ఆయన సూది వెయ్యకూడదు. అది ఆయనకీ తెలుసు, ఊరికీ తెలుసు. కానీ అర్ధరాత్రి ఆయాసం వస్తే నిడదవోలు వెళ్ళేది ఎవరు? కరోనా రోజుల్లో కన్నబిడ్డలే గుమ్మం దాటి లోపలికి రాని ఇళ్ళకి ఆయన మొహానికి తువ్వాలు కట్టుకుని వెళ్ళారు. వరండాలో గ్లూకోజు సీసా కొబ్బరి తాడుతో దూలానికి వేలాడదీసి, రోగి పక్కనే కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకునేవారు. ఆ రోజుల్లో బతికి బయటపడ్డవాళ్ళలో దేవకుమారి ఒకతె. ఆయన్ని ఆవిడ అన్నయ్య గారూ అంటుంది. అందుకని సత్యప్రసాద్‌కి ఆయన మావయ్య గారు.

సత్యప్రసాద్ పావనిని పెళ్ళి చేసుకున్న ఏడాది చలికాలం, క్లబ్బు వారం రోజులు సెలవిస్తే ఊరొచ్చాడు. కొడుకు పెళ్ళయితే జంటని అన్నవరం కొండకి మెట్ల దారిన, చెప్పులు లేకుండా తీసుకొచ్చి వ్రతం చేయిస్తానని తల్లి మొక్కుకుంది. వచ్చేముందు ఆటలో మోకాలు బెణికిన సంగతి అతను చెప్పలేదు. చెబితే అమ్మ మొక్కు వాయిదా వేసుకుని బెంగపడుతుందని. మెట్లెక్కాడు, పీటల మీద కూర్చుని వ్రతం చేసుకున్నాడు, ప్రసాదం కళ్ళకద్దుకున్నాడు. తెల్లారేసరికి మోకాలు బోండంలా వాచింది. మర్నాడే ప్రయాణం. వెళ్ళిన నాలుగో రోజున మ్యాచ్. ఆ సీజన్ చివరికి కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. మోకాలు పాడైన ఆటగాడికి ఎవరూ రాయరు.

కబురు పెట్టకుండానే చంద్రరావు గారు వచ్చారు. ఎవరో చెప్పి ఉంటారు. కాలు ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ నొక్కి చూశారు.

"ఎప్పటి నుంచిరా ఇది?"

"నిన్నటి నుంచే మావయ్య గారూ."

"చిన్నప్పుడు సూది అంటే ఏడవనని చెప్పి ఏడ్చేవాడివి. ఇప్పుడూ అబద్ధమే." బ్యాగు తెరిచారు. "కళ్ళు మూసుకో. పొద్దున్నకల్లా పరిగెడతావు."

అక్కడ ఒమాన్‌లో దగ్గు మందు తాగాలన్నా అతను సీసా ఫోటో తీసి క్లబ్బు డాక్టరుకి పంపేవాడు. ఆటగాళ్ళ ఒంట్లో ఫలానా మందులు కనబడకూడదని నియమాలుంటాయి. ఏడాదికి రెండుసార్లు కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు. ఏ మందైనా పేరు అడగండి, అడగకుండా మింగకండి అని. అతను బుద్ధిగా పాటించేవాడు. కానీ అది అక్కడ. ఇక్కడ చంద్రరావు గారు సూది వేస్తుంటే అది ఏం మందండీ అని అడిగినవాళ్ళు ఊళ్ళో లేరు. గుళ్ళో తీర్థం చేతిలో పోస్తే ఇందులో ఏం కలిపారని అడుగుతామా? అతను పుట్టినప్పటి నుంచీ ఒంటికి తగిలిన ప్రతి సూదీ ఆయన చేత్తో వేసిందే. కళ్ళు మూసుకున్నాడు.

దేవకుమారి పళ్ళెంలో తాంబూలం, డబ్బు పెట్టి ఇవ్వబోయింది. ఆయన తాంబూలం తీసుకుని డబ్బు పళ్ళెంలోనే ఉంచారు.

"దేశం కాని దేశంలో మన ఊరివాడు ఒకడున్నాడని మీ వదిన రోజూ చెప్పుకుంటుందమ్మా. వాడి దగ్గర తీసుకుంటానా?"

పొద్దున్నకి వాపు తీసింది. ఆయన మాట నిజమే అయింది.

ఆ మ్యాచ్‌లో అతను ఆడినంత బాగా ఎప్పుడూ ఆడలేదని తరవాత తోటి ఆటగాళ్ళు అన్నారు. చిన్నమ్మాయి గొంతు పోయేదాకా అరిచిందట. ఆట అయ్యాక చీటీ తీసి కొందరు ఆటగాళ్ళని పరీక్షకి పిలుస్తారు. మూత్రం పట్టి ఇవ్వాలి. చీటీలో అతని పేరు వచ్చింది. "ఈ మధ్య మందులేమైనా వాడావా?" అని అడిగారు. లేదన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు. అన్నవరం ప్రసాదం తిన్నావా అంటే చెప్పేవాడు. మావయ్య గారి సూది అతనికి మందు కింద గుర్తు రాలేదు.

కొన్ని వారాలకి ఫలితం వచ్చింది. ఒంట్లో స్టెరాయిడ్ ఉందన్నారు. నొప్పీ వాపూ వెంటనే లాగేసే మందు అది. ఆట రోజుల్లో సూదిగా వేసుకోవడం నిషేధం. క్లబ్బు డాక్టరు ఈజిప్టు ఆయన. తలుపు వేసి కూర్చోబెట్టి మంచిగానే అడిగాడు, ఎవరిచ్చారు, ఏ ఆస్పత్రి అని. సత్యప్రసాద్‌కి అప్పుడు గుర్తొచ్చింది. పేరు చెబితే చంద్రరావు గారి గదికి తాళం పడుతుంది. చెప్పకపోతే తన ఆటకి తాళం పడుతుంది. మాట్లాడకుండా కూర్చున్నాడు. తెలిసి వేయించుకున్నవాళ్ళే ఇలా మాట్లాడకుండా కూర్చుంటారు.

అతన్ని ఊరికి పంపేశారు. ఇంటి నుంచే వీడియోలో విచారణకి హాజరు కావాలన్నారు. క్లబ్బు వాళ్ళు ఒక్క మంచిమాట చెప్పారు. తెలియక జరిగిందని నిరూపిస్తే శిక్ష కొద్ది నెలల్లో తీరిపోవచ్చు, అప్పుడు వచ్చే సీజన్‌కి నీ చోటు ఉంచుతాం అని.

పావని డిగ్రీ చదివింది. నియమాలన్నీ ఫోన్లో చదివి అర్థం చేసుకుంది. రోజూ అదే మాట.

"పేరు చెప్పండి. అంతకంటే దారి లేదు."

"ఆయన అమ్మని బతికించారు పావనీ."

"కాదన్నానా? మిమ్మల్ని ఎవరు బతికిస్తారండీ? ఆట తప్ప మీకు ఇంకేం వచ్చు?"

ఆ మాట అన్నందుకు ఆవిడ రాత్రి అన్నం తినలేదు. దేవకుమారి ఇద్దరి మధ్యా నలిగి, వారం రోజులు దేవుడి గూటి ముందు కూర్చుంది. ఎనిమిదో రోజు సాయంత్రం కొంగు కప్పుకుని చంద్రరావు గారింటికి నడిచి వెళ్ళింది. వెళ్ళి ఏం అడగాలో తెలియక అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఆయన భార్య మాణిక్యాంబ మంచినీళ్ళిచ్చి, వీపు రాస్తూ కూర్చుంది. అడగ్గా అడగ్గా దేవకుమారి సంగతంతా చెప్పింది.

చంద్రరావు గారు వెంటనే చొక్కా తొడుక్కుని సత్యప్రసాద్ ఇంటికి బయల్దేరారు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా నాకు?"

"మీకు ఇబ్బంది అవుతుంది మావయ్య గారూ."

"నాకేంటి ఇబ్బంది? వేసింది నేను. వేశానని చెప్పడానికి సిగ్గా? విచారణ ఎప్పుడో చెప్పు, వచ్చి కూర్చుంటాను."

విచారణ రోజున ఆయన తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని వచ్చారు. ముందు గదిలో సత్యదేవుడి పటం కింద ఆయన, సత్యప్రసాద్, పావని ముగ్గురూ ఒకే బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నారు. తెర మీద ముగ్గురు పెద్దమనుషులు. వాళ్ళు ఇంగ్లీషులో అడిగేది పావని తెలుగులో చెప్పాలి, ఈయన చెప్పేది ఇంగ్లీషులో వాళ్ళకి చెప్పాలి.

ఏం మందు వేశారని అడిగారు. ఆయన పేరు, ఎంత వేశారో, ఎక్కడ వేశారో దాచకుండా చెప్పారు. ఎందుకు వేశారన్నారు. "కుర్రాడు నొప్పితో ఉన్నాడండి, తగ్గాలని" అన్నారు. మీ డాక్టరు రిజిస్ట్రేషన్ నెంబరు ఎంతన్నారు. అది లేదని చెప్పారు. తెర మీది మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మధ్యలో కూర్చున్న పెద్దాయన, గొంతులో కోపం ఏమీ లేకుండానే, ఇంకో మాట అడిగాడు. పావని తెలుగులో చెప్పింది.

"సూది వేసేముందు అది ఏం మందని మా ఆయన మిమ్మల్ని అడిగారా అంటున్నారండీ."

చంద్రరావు గారి మొహం వెలిగింది. సత్యప్రసాద్ మంచితనం గురించి చెప్పే అవకాశం ఇప్పటికి దొరికిందనుకున్నారు.

"అబ్బే, అడగలేదండి. చిన్నప్పటి నుంచీ అంతే. నేను వేస్తుంటే ఒక్కనాడూ ఏం మందని అడగలేదు. అంత నమ్మకం నేనంటే. మా ఊళ్ళో ఎవరూ అడగరండి."

పావని నియమాలు చదివింది. అడిగి తెలుసుకోవడం ఆటగాడి బాధ్యత, అడగకపోవడమే తప్పు అని వాటిలో ఉంది. ఆ మాటని కొంచెం మార్చి చెప్పినా తెలుగు రాని వాళ్ళకీ, ఇంగ్లీషు రాని చంద్రరావు గారికీ ఏం తెలుస్తుంది? మొగుడి వైపు చూసింది. అతనికి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు.

"చెప్పు పావనీ," అన్నాడు సత్యప్రసాద్. "ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్పు."

చెప్పింది.

చంద్రరావు గారు లేస్తూ, "ఇంక ఫరవాలేదురా, అంతా చెప్పేశాను కదా" అని భుజం తట్టారు. సత్యప్రసాద్ వంగి ఆయన చెప్పులు గుమ్మం దగ్గర నుంచి తీసి కాళ్ళ ముందు పెట్టాడు.

రెండేళ్ళు నిషేధం. చదువుకున్న డాక్టరు దగ్గరికి పోకుండా, అర్హత లేని మనిషి చేత, ఏం మందో అడగకుండా సూది వేయించుకున్నాడు కనుక తగ్గించడానికి కారణం కనబడలేదన్నారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే తప్పు మాటేం కాదు.

సంగతి జిల్లా పేపరుకెక్కింది. పేపరు చూసి అధికారులు వచ్చారు. వాళ్ళూ మర్యాదగానే మాట్లాడారు. మాణిక్యాంబ ఇచ్చిన మజ్జిగ తాగి, గదికి తాళం వేసి సీలు పెట్టారు. ఇంక సూది ముట్టుకోనని చంద్రరావు గారి చేత సంతకం చేయించుకున్నారు. సీలు పెడుతుంటే లక్క కరిగించడానికి అగ్గిపెట్టె కావాలంటే ఆయనే లోపలికి వెళ్ళి తెచ్చిచ్చారు.

ఊరు ఆయన్ని ఏమీ అనలేదు. సత్యప్రసాద్‌ని అంది. ఆ ఏడు వానాకాలం విష జ్వరాలు వచ్చాయి. ప్రతివాళ్ళూ నిడదవోలు పరిగెత్తాలి. రేవు దగ్గర ఒకావిడ దేవకుమారి వినేలాగే అంది, "వాళ్ళవాడి బంతాట కోసం ఊరికి డాక్టరు లేకుండా చేశారమ్మా" అని. శ్యాంబాబు మాత్రం గోల్సు గురించి అడగడం మానేశాడు. టీ గ్లాసు మాట్లాడకుండా చేతిలో పెట్టేవాడు. ఆ మాట్లాడకపోవడం సత్యప్రసాద్‌కి వేళాకోళం కంటే కష్టంగా ఉండేది. కొన్నాళ్ళకి అటు వెళ్ళడం మానేశాడు.

పాత ఆటో ఒకటి కొన్నాడు. జ్వరం వచ్చినవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు. అలాంటివాళ్ళ దగ్గర కిరాయి తీసుకునేవాడు కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఆ మాట ఎవరూ పైకి అనలేదు. తెల్లవారుజామున చేలో బాదుల దగ్గరికి వెళ్ళి గట్టు వెంట పరిగెత్తేవాడు. నిషేధం తీరేనాటికి ఒళ్ళు ఆటకి సిద్ధంగా ఉండాలని. మొదటి ఏడు బాగానే పరిగెత్తాడు. రెండో ఏడు మోకాలు ఒప్పుకోలేదు. పరిగెత్తడం నడకలోకి దిగింది. నడుస్తున్నాడని పావనికి తెలుసు. ఆవిడ బూట్ల మట్టి దులిపి ఎండలో పెట్టేది. ఒమాన్ నుంచి చిన్నమ్మాయి ఒకసారి ఫోన్ చేసి, "నీ చోటులో సిరియా కుర్రాణ్ణి పెట్టారు నాయనా. మంచోడేలే పాపం. కానీ మేం పోవడం మానేశాం" అంది. క్లబ్బుకి సత్యప్రసాద్ మూడు మెసేజ్‌లు పెట్టాడు. చూసినట్టు ఫోన్లో నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

నిషేధం తీరిన రోజు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పొద్దున్న పది దాటాక చంద్రరావు గారు వచ్చారు. మనిషి బాగా చిక్కిపోయారు. చేతిలో ఆకు దొన్నె.

"ఇవాళే కదరా? నీ పేరు మీద అర్చన చేయించాను. తీసుకో."

సత్యప్రసాద్ ప్రసాదం కళ్ళకద్దుకున్నాడు.

"పిలిచారా మరి?"

"పిలుస్తారండి."

ఆయన అతని మొహంలోకి చాలాసేపు చూశారు. "సూదికి ఏడవనని చెప్పేవాడివి," అని మాత్రం అన్నారు. గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. తరవాత మొహమాటపడుతూ, "మీ అత్తయ్యకి మూడు రోజుల నుంచి జ్వరంరా. నేను ముట్టుకోనని సంతకం పెట్టాను కదా. కాస్త ఆస్పత్రికి..." అన్నారు.

మాట పూర్తి కాకముందే సత్యప్రసాద్ తాళాలు తీసుకున్నాడు.

ఆస్పత్రిలో మాణిక్యాంబని బల్ల మీద పడుకోబెట్టారు. ఒక చిన్న వయసు నర్సు ట్రేలో సూది పట్టుకుని వచ్చింది. చంద్రరావు గారు గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డారు, మామూలు రోగి తాలూకు మనిషిలాగే. సత్యప్రసాద్ అడగాలని అనుకోలేదు. నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"ఏం మందండీ అది?"

నర్సు కోప్పడలేదు. తలెత్తి చూసి, ట్రేలోంచి సీసా తీసి, పేరు అతనికి కనబడేలా తిప్పి పట్టుకుంది. "జ్వరానికండీ. ఇంకేం లేదు. ఇదిగోండి, చూడండి" అని పేరు చదివి చెప్పింది. చెప్పి, మాణిక్యాంబ చెయ్యి సుతారంగా పట్టుకుని సూది వేసింది.

అంతే. అడిగి తెలుసుకోవడానికి, సూదిలోకి మందు ఎక్కించినంత సేపు కూడా పట్టలేదు.

అతను వెనక్కి తిరిగేసరికి చంద్రరావు గారు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి. సహస్రనామమే అయి ఉంటుంది. సత్యప్రసాద్ ఆయన పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. కాసేపటికి బయటికి వెళ్ళి, మాణిక్యాంబ పడుకుని రావడానికి వీలుగా ఆటో వెనక సీటు మీద తువ్వాలు మడత పెట్టి వేశాడు.